లాక్‌డౌన్‌లో రెండో ఇంటికి వెళ్లొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నగరంలో ఒక ఇల్లు, కొండల మీదో సముద్రం ఒడ్డునో తోటలోనో ఇంకొకటి. మహమ్మారి వచ్చి లాక్‌డౌన్ అనగానే రెండో ఇల్లు ఉన్నవాళ్ల మనసు అటే లాగుతుంది. ఆ ఆలోచనలో ఎంతవరకు న్యాయం ఉంది, ఎక్కడ ప్రమాదం ఉంది, వెళ్లక తప్పకపోతే ఎలా వెళ్లాలి, వెళ్లకుండా ఇంటిని ఎలా కాపాడుకోవాలి అన్నవి ఇక్కడ వివరంగా ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా 2020 కోవిడ్ కాలానివి.

ముందు సూటిగా చెప్పండి. వెళ్లొచ్చా, వద్దా?

లాక్‌డౌన్ అమల్లోకి వచ్చాక వెళ్లొద్దు. దీనికి మినహాయింపులు మూడు. అక్కడి ఇంటికి ఆగకుండా నష్టం జరుగుతుంటే వెళ్లాలి. అక్కడ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు లేకపోతే వెళ్లాలి. లేదా ఇక్కడి ఇంట్లో ఉండటమే ప్రమాదమైతే వెళ్లాలి. ఇవి కాక మిగతావన్నీ వాయిదా వేసుకోదగ్గ పనులే.

అసలు చూడాల్సింది ఇళ్ల లెక్క కాదు, ప్రయాణాల లెక్క. వ్యాధి పెద్దగా పాకకముందే ఒక్కసారి వెళ్లి, లాక్‌డౌన్ అయిపోయేదాకా అక్కడే ఉండిపోయినవాళ్ల వల్ల వచ్చే ముప్పు తక్కువ. వారానికోసారి అటూ ఇటూ తిరిగేవాళ్లు రెండు ఊళ్ల మధ్య వైరస్‌కు దారి వేస్తారు.

నా ఇల్లు, పన్ను కట్టేది నేను. నన్ను ఆపే హక్కు ఎవరికుంది?

చాలా దేశాల చట్టాల ప్రకారం ప్రభుత్వానికి ఉంది. అంటువ్యాధుల సమయంలో రాకపోకలను తాత్కాలికంగా కట్టడి చేసే అధికారం ఆస్తి హక్కును రద్దు చేయదు, వాడకాన్ని మాత్రం కొంతకాలం ఆపుతుంది. ఇల్లు మీదే, అద్దెకిచ్చినా అమ్మినా డబ్బు మీదే. అక్కడికి చేరడం ఒక్కటే ఆగుతుంది.

ఈ వాదన కోర్టు దాకా వెళ్లింది కూడా. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో డేర్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2020 మార్చిలో స్థానికేతర ఇంటి యజమానులను కూడా లోపలికి రానివ్వలేదు. మే మొదటి వారంలో మళ్లీ అనుమతించింది. అంటే ఆరు వారాలకు పైగా యజమానులు తమ సొంత ఇళ్లకు చేరలేకపోయారు. ఇది ప్రభుత్వం ఆస్తి తీసుకోవడమే కాబట్టి పరిహారం ఇవ్వాలని దావా పడింది. 2023లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

పన్ను సంగతికొస్తే, మీరు కట్టే ఇంటి పన్ను రోడ్లకు, చెత్త తీయడానికి, వీధి దీపాలకు పోవచ్చు. ఆస్పత్రి పడకలు మాత్రం చాలాచోట్ల శాశ్వత జనాభాను బట్టి లెక్కగట్టి పెట్టినవి. ఆ లెక్కలో మీరు మీ మొదటి ఊరి మనిషి.

అక్కడ జనం పలచగా ఉంటారు. నగరం వదిలి వెళ్తే నగరానికీ మేలే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఇందులో సగం నిజం ఉంది. గాలీ వెలుతురూ ఉన్న విడి ఇంట్లో ఉంటే, లిఫ్టూ మెట్లూ అందరూ వాడే అపార్ట్‌మెంట్ కన్నా మీకు సోకే అవకాశం తగ్గొచ్చు. తగ్గేది మీకు. అక్కడివాళ్లకు పెరుగుతుంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఐదు వేల మంది శాశ్వతంగా ఉండే ఊరు. పది పడకల చిన్న ఆస్పత్రి, రెండు ఆక్సిజన్ పడకలు, ఒక అంబులెన్స్. అదే ఊళ్లో పదిహేను వందల విడిది ఇళ్లున్నాయి. ఇంటికి ముగ్గురు చొప్పున వచ్చి దిగితే జనాభా ఒక్క వారంలో దాదాపు రెట్టింపవుతుంది. పడకలు పది దగ్గరే ఆగుతాయి. వెంటిలేటర్ కావాలంటే రోగిని రెండు మూడు గంటలు దూరంలోని పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఉన్న ఒక్క అంబులెన్స్ ఆ పని మీద పోయిందంటే, తిరిగొచ్చేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు గంటలపాటు, ఊళ్లో గుండెపోటు వచ్చినవాళ్లకూ కాన్పు నొప్పులొచ్చినవాళ్లకూ బండి ఉండదు.

దుకాణాలదీ ఇదే కథ. చిన్న ఊరి కొట్టుకు సరుకు వారానికి ఇన్నిసార్లని ముందే లెక్కగట్టి వస్తుంది. సీజన్ కాని రోజుల్లో హఠాత్తుగా జనం దిగితే పాలు, మందులు, గ్యాస్ ముందుగా ఖాళీ అవుతాయి. మందుల కొట్టు మరీ సున్నితం. బీపీ, షుగర్ మందులు నెలవారీగా తీసుకునే స్థానికుల లెక్కకే తెప్పించి ఉంటారు. ఇలాంటి ఊళ్లలో వయసు పైబడినవాళ్ల శాతం కూడా చాలాచోట్ల ఎక్కువ.

నగరానికి మేలు అన్న మాటకు వస్తే, నగరం నుంచి కొన్ని వేల మంది వెళ్లినా అక్కడి పెద్ద ఆస్పత్రి మీద భారం చెప్పుకోదగ్గంత తగ్గదు. అదే వేల మంది చిన్న ఊరిని ముంచేస్తారు.

నాకు లక్షణాల్లేవు, టెస్ట్ కూడా నెగెటివ్ వచ్చింది. అయినా వెళ్లకూడదా?

కోవిడ్‌లో సోకిన తర్వాత లక్షణాలు కనబడటానికి సగటున 5–6 రోజులు, ఒక్కోసారి 14 రోజుల దాకా పట్టేది. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి ఇతరులకు అంటించగలడు. కాబట్టి ఒంట్లో బాగుందన్న భావన దేనికీ రుజువు కాదు.

నెగెటివ్ టెస్ట్ ఆ క్షణానికి మాత్రమే సాక్ష్యం. నిన్న సోకినవాళ్లకు ఇవాళ పరీక్ష చేస్తే నెగెటివే రావచ్చు, ఎల్లుండి పాజిటివ్ కావచ్చు. టెస్ట్ కాగితం కన్నా గట్టిది, బయల్దేరే ముందు పూర్తి 14 రోజులు ఇంటిల్లిపాదీ ఎవరినీ కలవకుండా ఉండటం. అందులో ఒక్కరు ఆఫీసుకు వెళ్లొచ్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో మాట. 14 అన్నది కోవిడ్ తొలి రోజుల అంకె, ప్రతి మహమ్మారికీ అదే వర్తించదు. కొత్త వ్యాధి వచ్చినప్పుడు మూడు సంగతులు కనుక్కోండి. సోకాక ఎన్నాళ్లకు బయటపడుతుంది? లక్షణాలకు ముందే అంటుతుందా? ఎన్నాళ్ల దాకా అంటుతుంది? మీ ఏకాంతవాసం ఎన్ని రోజులుండాలో వీటి నుంచే తేలుతుంది.

సొంత కారు, దారిలో ఎక్కడా ఆగను. ఇక ప్రమాదమేముంది?

ఒకే ఇంటివాళ్లు అద్దాలు మూసుకున్న కారులో పోతుంటే దారిలో ఎవరికీ ఏమీ కాదు, నిజమే. పెట్రోల్ బంకు, టోల్ గేటు, మరుగుదొడ్డి, టిఫిన్ కోసం ఒక ఆగుడు — పేచీ వీటితోనే. ఎనిమిది గంటల ప్రయాణంలో, అందులోనూ పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే, ఎక్కడా ఆగను అన్న మాట నిలబడదు.

కారు చెడిపోతే మెకానిక్, ప్రమాదం జరిగితే పోలీసు, అంబులెన్స్, అత్యవసర విభాగం. వీళ్లంతా అప్పటికే ఊపిరాడకుండా ఉంటారు. వెళ్లాక కూడా, మనుషులు అలవాటులేని పనులకు దిగేది ఎక్కువగా రెండో ఇంట్లోనే: నిచ్చెనెక్కి కొమ్మలు కొట్టడం, పెంకులు సర్దడం. విరిగిన చెయ్యికి కూడా ఆస్పత్రికే వెళ్లాలి.

ప్రకటన వచ్చింది కానీ అమలుకు ఇంకా కొన్ని గంటలుంది. వెంటనే బయల్దేరితే?

చట్టం ఒప్పుకోవచ్చు. కానీ వైరస్ వేగంగా పాకేది సరిగ్గా ఈ గంటల్లోనే. 2020 జనవరి 23న వుహాన్‌లో తెల్లవారుజామున ప్రకటించి ఉదయం పదింటికి దారులు మూశారు. మార్చి 7 రాత్రి ఇటలీలో ఉత్తర ప్రాంతాల మూసివేత ముసాయిదా ముందే బయటపడటంతో మిలాన్ నుంచి దక్షిణానికి వెళ్లే రైళ్ల కోసం జనం స్టేషన్లకు పరిగెత్తారు. ఫ్రాన్స్‌లో మార్చి 16 రాత్రి ప్రకటన, మర్నాడు మధ్యాహ్నం నుంచి అమలు. ఆ మధ్యలో పారిస్ నుంచి తీర ప్రాంతాలకు, దీవులకు బారులు కట్టారు. భారతదేశంలో మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి అమలైంది.

గడువు పెట్టడమంటే వ్యాధి అప్పటికే నగరంలో పాకిందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. సురక్షితంగా వెళ్లగలిగే సమయం అంతకు కొన్ని వారాల ముందే దాటిపోయి ఉంటుంది. అయినా వెళ్తానంటే దానికి ఒక షరతుంది: లాక్‌డౌన్ ఎత్తేసేదాకా తిరిగి రాకూడదు, దిగిన రోజు నుంచి 14 రోజులు గేటు దాటకూడదు.

లాక్‌డౌన్ మొదలయ్యేసరికి రెండో ఇంట్లోనే ఉన్నాను. తిరిగి వచ్చేయాలా?

స్థానిక ఉత్తర్వు స్పష్టంగా వెళ్లిపొమ్మంటే తప్ప, ఉన్నచోటే ఉండండి. వెనక్కి రావడమూ ఒక ప్రయాణమే. ఉండిపోయేటప్పుడు చేయాల్సినవి ఇవి:

- మొదటి రెండు వారాలు బయటికి రావద్దు. సరుకులు ఫోన్‌లో చెప్పి గేటు దగ్గర దింపించుకోండి.
- రోజూ వేసుకునే మందులు ఎన్ని రోజులకున్నాయో మొదటి రోజే లెక్కపెట్టండి. వారం మందులు మిగిలి ఉండగానే మీ పాత డాక్టరుకు ఫోన్ చేసి చీటీ పంపించమనండి. చివరి రోజున అక్కడి చిన్న మందుల కొట్టుకు పరుగెత్తితే ఆ మందు దొరక్కపోవచ్చు.
- స్థానిక ఆరోగ్య కేంద్రానికి మీ ఇంట్లో ఎందరున్నారో, ఎవరికి ఏ జబ్బులున్నాయో చెప్పండి. దాచిపెట్టాలనిపిస్తుంది. కానీ లెక్కలో లేని మనిషికి పడక సిద్ధంగా ఉండదు.
- డయాలసిస్, కీమోథెరపీ, నెలలు నిండుతున్న గర్భం ఉంటే మాత్రం పెద్దాస్పత్రికి దగ్గరున్న ఇంటికి చేరడమే మంచిది. దానికి అనుమతి ముందుగా తీసుకోండి.

రెండు ఇళ్లలోనూ సమానంగా ఉంటాను. ఏది మొదటిది?

గడిచిన ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకున్నారు? ఓటు ఎక్కడుంది, పిల్లల బడి ఎక్కడ, మీ డాక్టరు ఎక్కడ? అధికారులు చూసేవి ఇవే. సమాధానం రెండు ఊళ్ల మధ్య సగం సగం వస్తే, లాక్‌డౌన్ మొదటి రోజు మీరున్న ఇల్లే మీ ఇల్లు అనుకుని అక్కడ ఆగిపోండి. తల్లిదండ్రులు విడిపోయి పిల్లలు ఇద్దరి దగ్గరా ఉంటుంటే అది వేరే విషయం. దానికి చాలా దేశాలు విడిగా మినహాయింపు ఇచ్చాయి.

ఇతర దేశాల్లో ఎలా చేశారు?

నార్వే అందరికన్నా సూటిగా తేల్చింది. అక్కడ కొండల్లో విడిది ఇల్లుండటం మామూలు సంగతి. 2020 మార్చి మధ్యలో, సొంత మున్సిపాలిటీకి బయట ఉన్న విడిది ఇంట్లో రాత్రి బస చేయడాన్ని నిషేధించి, ఏప్రిల్ 20న ఎత్తేశారు. చెప్పిన కారణం చిన్న మున్సిపాలిటీల ఆస్పత్రుల సామర్థ్యం. ఆ ఉత్తర్వులో గమనించాల్సింది, గీత గీసింది దూరం మీద కాకుండా మున్సిపాలిటీ హద్దు మీద, రాత్రి బస మీద. పాటించడమూ సులువు, తనిఖీ చేయడమూ సులువు. అత్యవసరం, అవసరం లాంటి మాటలతో రాసిన నియమాలు చాలాచోట్ల వాదనల్లో చిక్కుకున్నాయి.

స్కాట్లాండ్‌లో ముఖ్య వైద్యాధికారి కేథరిన్ కాల్డర్‌వుడ్ ప్రజలను ఇళ్లలోనే ఉండమని చెబుతూ, తాను మాత్రం తీరంలోని తన రెండో ఇంటికి రెండు వారాంతాల్లో వెళ్లారు. ఫొటోలు పత్రికలో వచ్చాయి, పోలీసులు హెచ్చరించారు, 2020 ఏప్రిల్ 5న ఆమె రాజీనామా చేశారు. ఆ ప్రయాణాల వల్ల ఎవరికైనా సోకిందా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. నియమం పెట్టినవాళ్లే దాటితే మిగతావాళ్లు ఎందుకు ఆగాలన్నదే జనం అడిగింది.

వారాంతం మాత్రం వెళ్లి, సోమవారానికి వచ్చేస్తే?

అన్నిటికన్నా చెడ్డది అదే. ప్రతి వారం రెండు ప్రయాణాలు, రెండు ఊళ్ల దుకాణాలు, సోకిన వ్యాధి బయటపడటానికి పట్టే రోజులు పూర్తయ్యేలోపే ఊరు మారడం. ఒక ఊళ్లో అంటుకున్నది ఇంకో ఊళ్లో బయటపడుతుంది, ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు.

ఏ కారణాలు నిజంగా అత్యవసరం?

పైపు పగిలి నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి, తుపానుకు పైకప్పు లేచిపోయింది, దొంగలు తలుపు పగలగొట్టారు, కరెంటు షార్టయి కాలిన వాసన వస్తోందని పక్కవాళ్లు ఫోన్ చేశారు. అక్కడ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు లేరు. ఇవి కారణాలే. ఇంట్లో హింస భరించలేక బయటపడటం అన్నిటికన్నా ముందు నిలిచే కారణం. దానికి చాలా దేశాలు లాక్‌డౌన్ నియమాల్లోనే వెసులుబాటు ఇచ్చాయి, అనుమతి చీటీ కోసం ఆగకుండా బయటికి రావాలి.

గడ్డి పెరిగింది, రంగు వేయించాలి, ఒకసారి చూసొస్తే మనసు కుదుటపడుతుంది — ఇవి కారణాలు కావు. పైపు పగిలినా, అక్కడే ఉన్న ప్లంబర్ చేయగలిగితే మీరు వెళ్లక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

తప్పనిసరిగా వెళ్లాలి. ఎలా వెళ్లాలి?

ముందు రెండు చోట్ల నియమాలు చూడాలి, బయల్దేరే ఊరివీ చేరే ఊరివీ. ఇక్కడి పాస్ అక్కడి చెక్‌పోస్టులో చెల్లకపోవడం మామూలే. దారిలో ఇంకో రాష్ట్రమో జిల్లానో ఉంటే దానిది మూడో నియమం.

ఒక్కరే వెళ్లండి, ఇద్దరికి మించొద్దు, ఇద్దరైతే ఒకే ఇంటివాళ్లు. ముందురోజే ట్యాంకు నింపుకోండి. నీళ్లు, తిండి, సబ్బు, చెత్త సంచులు కారులోనే పెట్టుకోండి. కాగితాల్లో ఇంటి పత్రం నకలు, అక్కడి కరెంటు బిల్లు, నష్టం ఫొటో, వీలైతే బీమా కంపెనీ నుంచో స్థానిక కార్యాలయం నుంచో ఒక మెసేజ్ ఉండాలి. ఫోన్‌లో చూపిస్తానంటే చార్జింగ్ అయిపోవచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. కాగితం మీద తీసుకోండి.

పని ముగించి అదే రోజు తిరిగి రావడం వీలైతే అదే మేలు. ప్లంబర్ లోపల పనిచేస్తున్నంతసేపు మీరు బయట ఉండండి, కిటికీలన్నీ తెరిచి ఉంచండి, డబ్బు ఫోన్‌లో పంపండి. రాత్రి ఉండక తప్పదంటే ఊళ్లో దేనికీ తిరగొద్దు. జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం లాంటివి ఏవైనా ఉంటే మాత్రం పైపు పగిలినా సరే, మీరు వెళ్లకూడదు. పక్కింటివాళ్ల చేత నీళ్ల మెయిన్ వాల్వు కట్టించండి.

వెళ్లకుండా ఇంటిని ఎలా కాపాడుకోవాలి?

దగ్గర్లో ఉండే ఒకరికి తాళంచెవి, వాళ్లకు పంపిన ఒక జాబితా — ఈ రెండూ ఉంటే చాలావరకు గడుస్తుంది. పక్కింటి ఆయనో కాపలా మనిషో పది నిమిషాల్లో చేయగలిగేలా జాబితా ఉండాలి. వాల్వు ఎక్కడుందో మాటల్లో చెప్పొద్దు. పాత ఫొటో ఉంటే దాని మీద వేలు పెట్టి చూపించినట్టు గుర్తు గీసి పంపండి, లేదా వీడియో కాల్‌లో వెంట ఉండండి.

*నీళ్లు.* మెయిన్ వాల్వు కట్టేయాలి. తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి పైపుల్లోని నీళ్లు వదిలేయాలి. మంచు పడే చోట ఇది మరీ ముఖ్యం. గడ్డకట్టిన నీరు వ్యాకోచించి పైపును చీలుస్తుంది, మంచు కరిగే రోజు దాకా ఆ సంగతి బయటపడదు. గీజర్ స్విచ్ నీళ్లు వదలడానికి ముందే ఆపాలి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వేడెక్కితే కాలిపోతుంది.

*వాసన.* సింకు కింద, బాత్‌రూమ్ జాలీ కింద ఉండే వంపులో నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపుతాయి. కొన్ని వారాల్లో ఆ నీళ్లు ఆవిరైపోతే వాసనా పురుగులూ పైకొస్తాయి. ప్రతి జాలీలో లీటరు నీళ్లు, పైన ఒక చెంచా వంటనూనె పోయాలి. నూనె పొర ఆవిరి కాకుండా ఆపుతుంది.

*కరెంటు.* ఫ్రిజ్ ఖాళీ చేయించి, ప్లగ్ తీయించి, తలుపు సందు ఉండేలా ఏదైనా అడ్డుపెట్టించాలి. మూస్తే బూజు పడుతుంది. ఖాళీ చేయడం కుదరకపోతే, డీప్ ఫ్రీజర్‌లో ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి దాని మీద నాణెం పెట్టించండి. తర్వాత చూసినప్పుడు నాణెం మునిగి ఉంటే మధ్యలో కరెంటు చాలాసేపు పోయిందని అర్థం, లోపలున్నది పారేయాల్సిందే. ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేయించి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, తీగ విడదీయించండి. చార్జ్ లేకుండా నెలల తరబడి పడున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక చార్జ్ పట్టదు. కెమెరా ఉంటే దానికీ రౌటర్‌కూ, ఖాళీ చేయని ఫ్రిజ్ ఉంటే దానికీ కరెంటు ఉంచి మిగతా ఎంసీబీలు (కరెంటు బోర్డులోని రక్షణ స్విచ్‌లు) దించేయాలి.

*గ్యాస్.* సిలిండర్ నుంచి రెగ్యులేటర్ తీయించి మూత పెట్టించండి.

తనిఖీ పదిహేను రోజులకోసారి చాలు. వచ్చినవాళ్లు గోడల అడుగున తేమ, పైకప్పు మీద మరక, ఎలుకల జాడ, కిటికీ గడియలు చూసి నాలుగు ఫొటోలు పంపితే సరి. ఆ ఫొటోలు తేదీతో సహా దాచుకోండి, బీమాకు పనికొస్తాయి.

బీమా మాటేమిటి?

చాలా ఇంటి పాలసీల్లో, ఇల్లు వరుసగా ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి, నీటి నష్టానికి క్లెయిమ్ చెల్లదని ఒక షరతుంటుంది. 30 రోజులు, 60 రోజులు అన్నవి తరచుగా కనబడే గడువులు. లాక్‌డౌన్ వల్లే రాలేకపోయానంటే షరతు దానంతట అది మాఫీ కాదు. గడువు దాటకముందే కంపెనీకి ఈమెయిల్ రాయండి: ఇల్లు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉంది, ఏ ఉత్తర్వు వల్ల వెళ్లలేకపోతున్నారు, ఎవరు ఎన్నాళ్లకోసారి చూస్తున్నారు, నీళ్లు కట్టేశారా లేదా. వాళ్ల జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ఫోన్‌లో పర్లేదు అన్న మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ఖాళీగానే ఉంది కదా, స్నేహితులకో బంధువులకో ఇవ్వొచ్చా?

మీరు వెళ్లకూడని కారణాలన్నీ వాళ్లకూ వర్తిస్తాయి. స్థానిక నర్సులకో, ఇంట్లోవాళ్లకు దూరంగా ఉండాల్సిన ఆస్పత్రి సిబ్బందికో ఇస్తే మాత్రం అది నిజమైన ఉపయోగం. ఇచ్చే ముందు బీమా కంపెనీకి చెప్పండి.

లాక్‌డౌన్ ఎత్తేశారు. నెలల తర్వాత తలుపు తీస్తున్నాం. ఏం జాగ్రత్త?

ముందు అన్ని గదులూ, గోడలూ, సామానూ ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీయండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ఏదీ వేయకుండా, తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి.

తలుపులూ కిటికీలూ అరగంట తెరిచి ఉంచి బయటే ఉండండి. ఎలుకల పెంటికలు కనబడితే చీపురు పట్టొద్దు, వ్యాక్యూమ్ వాడొద్దు; ఎండిన పెంటికల ధూళి గాల్లోకి లేస్తే హంటావైరస్ లాంటివి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేతికి గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితంతో తుడిచి సంచిలో కట్టి పారేయండి.

నిలవ నీళ్లతో ఇంకో ముప్పు ఉంది. పైపుల్లో 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని తాగితే కన్నా తుంపర్లుగా పీలిస్తే ప్రమాదం, అది న్యుమోనియా తెస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి కడిగి నింపండి. షవర్ తల విప్పి తీసి, అన్ని కుళాయిలూ తుంపర లేకుండా సన్నగా తిప్పి కొన్ని నిమిషాలు వదిలేసి గదిలోంచి బయటికి రండి. గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు వేడెక్కి గంటసేపు ఉన్నాక, ఆ వేడి నీటినీ అలాగే వదలండి. అప్పటిదాకా స్నానం బకెట్‌తో, చల్లటి తాజా నీళ్లతో కానివ్వండి.

నష్టం ఏదైనా కనబడితే, బీమా సర్వేయర్ వచ్చి చూసేదాకా తడిసిన సామాను పారేయకుండా ఒక మూల ఉంచండి. శుభ్రం చేసేసిన ఇంట్లో క్లెయిమ్ నిరూపించడం చాలా కష్టం.